పన్నెండు కార్డులు వాళ్ళకి, ఒక్క పాస్‌పోర్టు మనకి!



ముందుగా ఒక చిన్న లెక్క. కాగితం, పెన్ను అక్కర్లేదు, నోటితోనే చెప్పుకోవచ్చు.

2024 లోక్‌సభ ఎన్నికలకి దేశం మొత్తమ్మీద విదేశీ ఓటర్లుగా పేరు నమోదు చేయించుకున్న భారతీయులు 1,19,374 మంది. వాళ్ళలో పోలింగు కేంద్రం దాకా వెళ్ళి ఓటేసినవాళ్ళు 2,958 మంది. అందులో 2,670 మంది ఒక్క కేరళ వాళ్ళే. మన ఆంధ్రప్రదేశ్ సంగతి చూడండి. నమోదయినవాళ్ళు 7,927. ఓటేసింది 195!

నూటికి ఇద్దరున్నర. ఊళ్ళో సహకార సంఘం ఎన్నికల్లో కూడా ఇంత తక్కువ ఓటింగు జరగదు.

"ఎన్నారైలకి బద్ధకం, ఫేసుబుక్కులో కబుర్లు చెప్పడమే గానీ ఓటెయ్యరు" అని ఈ అంకెలు చూపించి వెటకారం చేసేవాళ్ళున్నారు. అయ్యా, ఆ వెటకారానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. బద్ధకం ఉంది, కాదనను. దాని సంగతి చివర్లో చెప్పుకుందాం, మనల్ని మనమే తిట్టుకుందాం. కానీ బద్ధకం కన్నా ముందు ఒక తలుపు ఉంది. ఆ తలుపుకి ఒకటే తాళం, ఆ తాళానికి ఒకటే చెవి. ఆ చెవి పేరు ఒరిజినల్ పాస్‌పోర్టు.

గుర్తింపు కార్డు వద్దని ఎవడన్నాడు?

ఓటరుకి గుర్తింపు కార్డు ఉండాలా, అక్కర్లేదా అన్న గొడవ ప్రపంచమంతా ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఏళ్ళ తరబడి వింటున్నారు. ఒక పార్టీ కావాలంటుంది, ఇంకో పార్టీ పేదల ఓటు పోతుందంటుంది. మన దేశంలో ఆ గొడవ 1993లోనే వచ్చింది. శేషన్ గారు ఫొటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టినప్పుడు నాయకులు ఎంత గింజుకున్నారో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఖర్చన్నారు, కుదరదన్నారు. ఆయన కార్డులివ్వకపోతే ఎన్నికలే జరపనని కూర్చున్నాడు. చివరికి కార్డులొచ్చాయి.

నేను శేషన్ పక్షమే. ఎందుకో చెప్తాను. గల్ఫులో ఉన్నవాడి ఓటు ఊళ్ళో ఖాళీగా ఉండదు. పడిపోతుంది! మనం ఇక్కడ షార్జాలో లారీ దిగుతుండగానే అక్కడ మన పేరు మీద ఎవడో వేలికి సిరా పూయించుకుని పోతాడు. ఏజెంటుకి తెలుసు ఎవరింట్లో ఎవరు దుబాయ్ వెళ్ళారో, ఎవరు కువైట్ వెళ్ళారో. ఆ జాబితా పోలింగుకి ముందు రోజు రాత్రే తయారవుతుంది. మనం నిజంగానే వెళ్ళి నిలబడితే "మీ ఓటు ఎప్పుడో అయిపోయిందండీ" అంటారు. అప్పుడు టెండరు ఓటు అని ఒకటిస్తారు. 49పీ నిబంధన. దాన్ని కవర్లో పెట్టి పక్కన పెడతారు. మామూలు లెక్కింపులో దాన్ని ముట్టుకోరు.

కాబట్టి గుర్తింపు కార్డు మనకి శత్రువు కాదు, కాపలాదారు. దొంగ ఓటు మొదట మింగేది దూరంగా ఉన్నవాడి ఓటునే. ఇందులో నాకేమీ సందేహం లేదు.

నా తగవు గుర్తింపుతో కాదు. ఒకే ఒక్క గుర్తింపుతో.

పన్నెండుకి ఒకటి

ఊళ్ళో ఉన్న ఓటరు తన ఓటరు కార్డు ఇంట్లో మర్చిపోయాడనుకోండి. ఫరవాలేదు. ఎన్నికల సంఘం ఇంకో పన్నెండు రకాల కాగితాలు ఒప్పుకుంటుంది. ఆధార్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, కార్మిక శాఖ పథకం కింద ఇచ్చిన ఆరోగ్య బీమా కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, జనాభా రిజిస్టరు స్మార్ట్ కార్డు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వోద్యోగి గుర్తింపు కార్డు, ఎంపీ ఎమ్మెల్యేల కార్డు, దివ్యాంగుల కార్డు. బాగుంది. ఇలాగే ఉండాలి. పేదవాడి జేబులో ఏదో ఒకటి ఉంటుంది కదా!

ఇప్పుడు మన సంగతి. 2010లో చట్టం సవరించి 20ఏ అని కొత్త సెక్షను పెట్టారు. 2011 నుంచి అమల్లోకి వచ్చింది. వేరే దేశపు పౌరసత్వం తీసుకోని ప్రవాస భారతీయుడు 6ఏ ఫారం నింపి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామాలో ఓటరు కావచ్చు. సంతోషం. అరవై ఏళ్ళు ఆగాం, ఆ మాత్రం దక్కింది. కానీ ఆ పక్కనే మూడు మేకులు కొట్టారు.

ఒకటి, విదేశీ ఓటరుకి ఓటరు కార్డు ఇవ్వరు. పాతది ఉంటే వాపసు ఇచ్చెయ్యాలి.

రెండు, సొంత పోలింగు కేంద్రానికి స్వయంగా వెళ్ళి వెయ్యాలి. పోస్టు లేదు, ఇంకొకరి చేత వేయించడం లేదు, కాన్సులేటులో పెట్టె లేదు.

మూడు, అక్కడ ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. అది మాత్రమే. వేరే ఏ కాగితమూ చెల్లదని ఎన్నికల సంఘం ఉత్తర్వుల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. ఆధార్ చెల్లదు, పాన్ చెల్లదు, లైసెన్సు చెల్లదు.

ఒకే గది, ఒకే క్యూ, ఒకే అధికారి. ముందు నిలబడ్డ తమ్ముడు పోస్టాఫీసు పాస్‌బుక్ చూపించి ఓటేస్తాడు. వెనక నిలబడ్డ అన్న ఆధార్ కార్డు చూపిస్తే ఇంటికి పొమ్మంటారు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. తేడా ఏమిటంటే ఒకడు దుబాయ్‌లో పని చేస్తున్నాడు. అంతే!

"పాస్‌పోర్టు లేకుండా దేశంలోకి ఎలా వస్తాడండీ? వచ్చాడంటే చేతిలో ఉన్నట్టే కదా" అంటారు తెలివైనవాళ్ళు. వినండి మరి. మా జిల్లా కుర్రాడొకడు అజ్మాన్‌లో ఉండగా పద్ధతిగా 6ఏ నింపి విదేశీ ఓటరయ్యాడు. 2024 ఏప్రిల్లో ఇక్కడి ఉద్యోగం పోయింది, ఇంటికెళ్ళాడు. కువైట్‌లో పని దొరికింది. స్టాంపింగు కోసం పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఇచ్చాడు. మే 13న పోలింగు. పాస్‌పోర్టు ఎక్కడో ముంబైలో ఉంది. మనవాడు ఆధార్, పాన్, లైసెన్సు మూడూ పట్టుకుని వెళ్ళి గంటన్నర ఎండలో నిలబడ్డాడు. అధికారి మంచివాడే పాపం, పుస్తకం తీసి రూలు చూపించాడు. "నాకు తెలుసు బాబూ నువ్వెవరో, మీ నాన్న కూడా తెలుసు. కానీ నీ పేరు విదేశీ జాబితాలో ఉంది" అన్నాడట. ఊరంతటికీ తెలిసిన మనిషి తానెవరో రుజువు చేసుకోలేక తిరిగొచ్చాడు.

గల్ఫు వాడి పాస్‌పోర్టు వాడి చేతిలో ఎన్ని రోజులుంటుందో ఈ రూలు రాసినవాళ్ళకి తెలుసా? యజమాని కార్మికుడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి చట్టం చెప్తోంది. అయినా పెట్టుకునేవాళ్ళు ఉన్నారని మనందరికీ తెలుసు. ఆమ్నెస్టీ వచ్చినప్పుడల్లా, 2007లో, 2012లో, 2018లో, 2024లో, పాస్‌పోర్టు లేక తెల్ల కాగితం మీద ఔట్‌పాస్ తీసుకుని విమానం ఎక్కిన మనవాళ్ళు ఎందరు! వాళ్ళు ఆ కాగితంతో మాతృదేశంలోకి రావచ్చు. భారతీయులే అని ఆ దేశపు రాయబార కార్యాలయమే రాసిచ్చింది. ఓటెయ్యడానికి మాత్రం ఆ భారతీయత చాలదు.

వీసా పేజీ ఏదీ?

ఇక నా సొంత కథ. ఏ ఆఫీసో, ఏ అధికారో చెప్పను, వాళ్ళ తప్పు కన్నా కాగితం తప్పే ఎక్కువ.

6ఏ ఫారంలో పాస్‌పోర్టు జిరాక్సులతో పాటు తాజా వీసా వేసిన పేజీ కూడా జతచెయ్యమంటారు. అమెరికా వాడికీ, ఇంగ్లండు వాడికీ కుదురుతుందేమో. ఇక్కడ? 2022 ఏప్రిల్ నుంచి ఎమిరేట్స్‌లో రెసిడెన్సీ వీసాని పాస్‌పోర్టులో అతికించడం మానేశారు. ఎమిరేట్స్ ఐడీ కార్డే మన నివాసానికి రుజువు. విమానాశ్రయంలో అదే, బ్యాంకులో అదే, ఆస్పత్రిలో అదే.

2024 జనవరిలో నేను 6ఏ నింపాను. ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా స్కాన్ చేసి పెట్టాను. మూడు వారాల తర్వాత తిరస్కరించినట్టు కబురు: వీసా పేజీ జతచెయ్యలేదు. లేని పేజీని ఎక్కణ్ణుంచి తేవాలి? రెండోసారి ఒక ఉత్తరం కూడా రాసి పెట్టాను, ఇలాగండీ, ఇక్కడ స్టిక్కరు ఎత్తేశారు అని. మళ్ళీ అదే జవాబు, అక్షరం మార్చకుండా. మూడోసారి ఆన్‌లైన్లో తీసుకున్న రెసిడెన్సీ పత్రం పెట్టాను. ఈలోపల గడువు అయిపోయింది. పోలింగు అయిపోయింది. ఫలితాలు జూన్ 4న వచ్చాయి. ఆ తర్వాత నాకు మెసేజీ వచ్చింది: మీ పేరు నమోదయింది, అభినందనలు! పెళ్ళయి, గృహప్రవేశం కూడా అయ్యాక శుభలేఖ వచ్చినట్టు.

నాకు చదువుంది, కంప్యూటరుంది, పోట్లాడే తీరికుంది. సోనాపూర్ క్యాంపులో ఆరుగురితో గది పంచుకునే తాపీమేస్త్రీ ఈ మూడుసార్లూ చేస్తాడా? మొదటి తిరస్కారానికే "పోనీలే" అంటాడు. ఆ "పోనీలే"ల మొత్తమే పైన చెప్పిన 7,927. ఎమిరేట్స్‌లోనే భారతీయులు 35 లక్షలకు పైగా ఉన్నారని గుర్తు పెట్టుకుని ఆ అంకె మళ్ళీ చదవండి. పైగా ఆ 7,927లో అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు అందరూ కలిసి ఉన్నారు.

రెండో దారి: నోరు మూసుకుని ఉండటం

మరి మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు? ఊళ్ళో జాబితాలో పాత పేరు అలాగే ఉంచేసుకుంటారు. ఓటరు కార్డు అమ్మ ట్రంకుపెట్టెలో ఉంటుంది. సెలవు, ఎన్నికలు కలిసొస్తే వెళ్ళి వేస్తారు.

ఇది తప్పా? చట్టం మామూలు ఓటరు "సాధారణంగా నివసించే" చోట ఉండాలంటుంది. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఆ నివాసం పోదని కూడా అదే చట్టం అంటుంది. తాత్కాలికమంటే ఆరు నెలలా, రెండేళ్ళా, ఇరవై ఏళ్ళా? చెప్పదు! రెండేళ్ళ కాంట్రాక్టు వీసా మీద వచ్చి, భార్యాబిడ్డల్ని ఊళ్ళో ఉంచి, ఇల్లు అక్కడే కట్టి, చస్తే శవం కూడా అక్కడికే చేరాలని కోరుకునే మనిషి ఎక్కడ నివసిస్తున్నట్టు? అతను బతికేది అక్కడ, పనిచేసేది ఇక్కడ.

చట్టం చెప్పని ఆ సంగతిని ఇంటింటికీ తిరిగే బూత్ స్థాయి అధికారి తేలుస్తాడు. "మీవాడు ఉన్నాడా?" "దుబాయ్‌లో ఉన్నాడండీ." గీత కొట్టేస్తే అయిపోయింది.

మా గదిలో జగిత్యాల వైపు అన్న ఒకాయన ఉండేవాడు. 2018 డిసెంబరు 7న తెలంగాణ ఎన్నికలు. సెలవు ముందుకి జరుపుకుని, నెల జీతమంత టిక్కెట్టుకి పోసి వెళ్ళాడు. చేతిలో ఓటరు కార్డుంది, జాబితాలో పేరు లేదు. ఆ రోజు రాష్ట్రంలో అలా తిరిగొచ్చినవాళ్ళు లెక్కలేనంతమంది. బ్యాడ్మింటన్ ఆటగత్తె గుత్తా జ్వాల కూడా తన పేరు లేదని గోల పెట్టింది. అప్పటి ముఖ్య ఎన్నికల అధికారి రజత్ కుమార్ గారు క్షమాపణ కూడా చెప్పారు. 2015లో ఆధార్‌తో ఓటరు కార్డులు కలుపుతామని ఒక కార్యక్రమం పెట్టి, సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగస్టులో ఆపేశారు. ఆ కలపడంలోనే పేర్లు ఎగిరిపోయాయన్నది అప్పటి నుంచీ ఉన్న ఆరోపణ. జ్వాల అడిగితే టీవీలో వచ్చింది. మా అన్న అడిగితే ఎవరు వింటారు? తిరిగొచ్చాక ఒకే మాటన్నాడు: "తమ్మీ, పాస్‌పోర్ట్‌ల బతికే ఉన్న, లిస్ట్‌ల మాత్రం సచ్చిపోయిన."

2025లో బీహారులో జరిగింది ఇంకా పెద్దది. ప్రత్యేక సమగ్ర సవరణ పేరుతో జూన్‌లో మొదలుపెట్టి, ఆగస్టు 1న ముసాయిదా జాబితా ఇచ్చేసరికి 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవాళ్ళు 22 లక్షలన్నారు, రెండు చోట్ల ఉన్నవాళ్ళు 7 లక్షలన్నారు. తక్కిన 36 లక్షల మంది ఎవరండీ? శాశ్వతంగా వెళ్ళిపోయినవాళ్ళు లేదా కనిపించనివాళ్ళు. అంటే ఎవరు? మనలాంటివాళ్ళు! పొట్ట చేతపట్టుకుని ఊరు దాటినవాళ్ళు. మొదట ఒప్పుకున్న 11 కాగితాల్లో ఆధార్ లేదు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు చెప్తే పన్నెండోదిగా చేర్చారు. ఆ తర్వాత రెండో విడతలో ఇంకో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఆ సవరణే మొదలుపెట్టారు. మన రెండు రాష్ట్రాలు అందులో లేవు. కానీ పుదుచ్చేరి ఉంది, అంటే మన యానాం ఉంది. పక్కింటికి వచ్చిన అప్పులవాడు మన గుమ్మం తొక్కడనుకోవడం వెర్రితనం.

దీన్నే పెద్దవాళ్ళు అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. మామూలు ఓటరుగా ఉందామంటే ఊళ్ళో లేవంటారు. విదేశీ ఓటరవుదామంటే లేని వీసా పేజీ తెమ్మంటారు. అయితే అయ్యావు, పాస్‌పోర్టు తప్ప ఏదీ చూడమంటారు.

కిటికీకి అటూ ఇటూ

"ఇంత పెద్ద దేశం, విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఓటెలా ఏర్పాటు చేస్తారండీ? సాధ్యమా?" ఇది మనవాళ్ళే అడిగే ప్రశ్న.

సాధ్యమే. ఇప్పుడే జరుగుతోంది. బర్ దుబాయ్‌లో మన కాన్సులేటుకి వెళ్ళండి. కిటికీకి అటు వైపు కూర్చున్న ప్రభుత్వోద్యోగి సర్వీసు ఓటరు. 2016 నుంచి ఆయనకి బ్యాలెట్టు కంప్యూటర్లో వస్తుంది, ప్రింటు తీసుకుని గుర్తు పెట్టి పోస్టులో పంపుతాడు. సైనికులకీ అదే ఏర్పాటు. 2019లో అలాంటి ఓటర్లు 18 లక్షలు, దాదాపు 60 శాతం మంది బ్యాలెట్లు తిరిగొచ్చాయి. వాళ్ళకి ఆ హక్కు ఉండాల్సిందే, నాకు అసూయ లేదు. కానీ కిటికీకి ఇటు వైపు ఎండలో టోకెను పట్టుకుని నిలబడ్డవాడు ఏం పాపం చేశాడు? మధ్యలో ఉన్నది గాజు పలక. అటు ఉన్నవాడికి పోస్టులో ఓటు, ఇటు ఉన్నవాడికి మూడు వేల కిలోమీటర్ల ప్రయాణం!

ఎనభై అయిదేళ్ళు దాటిన ముసలివాళ్ళ ఇంటికి 2024లో బ్యాలెట్టు తీసుకెళ్ళి ఓటు వేయించారు. చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన పని. మనసుంటే మార్గముంటుందని అదే నిరూపించింది.

మన పక్క గదిలో ఉండే ఫిలిప్పీన్స్ వాళ్ళని అడగండి. 2003లో చట్టం చేసుకున్నారు, 2004 నుంచి విదేశాల్లో తమ రాయబార కార్యాలయాల ద్వారా ఓటేస్తున్నారు. 2025 మే ఎన్నికల్లో చాలా దేశాల్లో ఇంటర్నెట్టులోనే వేశారు. మనకన్నా చిన్న దేశం, మనకన్నా తక్కువ సాఫ్ట్‌వేరు గొప్పలు. ఇక మనకి ఆతిథ్యమిచ్చిన దేశం సంగతి. ఇక్కడి ఫెడరల్ నేషనల్ కౌన్సిల్లో సగం మంది సభ్యుల్నే ఎన్నుకుంటారు, ఓటు కూడా జాబితాలో ఉన్న పౌరులకే. పద్ధతి వేరు, పోలిక పెట్టను. కానీ 2023 అక్టోబరులో ఆ ఓటర్లు యూఏఈ పాస్ అనే డిజిటల్ గుర్తింపుతో ఉన్నచోటి నుంచే ఓటేశారు. గుర్తింపు అడిగారు, అడిగి తలుపు తీశారు. మనవాళ్ళు గుర్తింపు అడిగి తలుపేస్తున్నారు. తేడా అక్కడుంది.

పదిహేనేళ్ళ వాయిదాలు

ఇది ఎవరూ అడగని సంగతి కాదు. లండన్ నుంచి మన తెలుగువాడు నాగేందర్ చిందం, ఇక్కడ ఎమిరేట్స్ నుంచి మలయాళీ వైద్యుడు షంషీర్ వయలిల్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఎన్నికల సంఘం కమిటీ వేసి, ప్రాక్సీ ఓటు, ఈ-పోస్టల్ బ్యాలెట్ రెండూ ఇవ్వొచ్చని చెప్పింది. 2015 జనవరిలో కేంద్రం సరేనని కోర్టుకి చెప్పింది. 2017 డిసెంబరులో బిల్లు పెట్టారు, అదీ ప్రాక్సీకి మాత్రమే. 2018 ఆగస్టు 9న లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ గడప దాటలేదు. 2019లో లోక్‌సభ రద్దయి బిల్లూ పోయింది. 2020 నవంబరులో ఎన్నికల సంఘం మళ్ళీ రాసింది, ఈ-పోస్టల్‌కి మేం సిద్ధమని. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు వచ్చి వెళ్ళాయో మీరే లెక్కపెట్టుకోండి.

అన్నిటికన్నా నా కడుపు మండించిన వార్త అప్పుడే వచ్చింది. మొదటి ప్రయోగం అమెరికా, కెనడా, న్యూజీలాండ్, జపాన్, ఆస్ట్రేలియా, జర్మనీ, ఫ్రాన్స్, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవాళ్ళతో చేస్తారని, గల్ఫు దేశాలని కలపరని పత్రికలు రాశాయి. అమెరికాలో ఉన్న మన తమ్ముడికి రేపు పౌరసత్వం వస్తుంది, ఆ దేశంలోనే ఓటేసుకుంటాడు. మంచిదే. గల్ఫులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినా మనకి పౌరసత్వం ఉండదు, అది తెలిసే వచ్చాం. మనకి ఈ భూమ్మీద ఓటంటూ ఉంటే అది ఒక్క చోటే. ఆ ఒక్కటీ అవసరమైనవాణ్ణి చివర్న నిలబెట్టారు!

"పన్ను కట్టరు కదా"

ఎదుటివాళ్ళ వాదనలకి కూడా జవాబివ్వాలి, తప్పించుకోకూడదు.

పన్ను కట్టనివాడికి ఓటెందుకంటారు. పన్నుని బట్టి ఓటన్న పద్ధతి బ్రిటిషు వాడిది. 1950లో దాన్ని పాతిపెట్టాం. అదీ కాక, మనం పంపిన డబ్బుతో ఊళ్ళో కొన్న సిమెంటుకీ, బంగారానికీ, బైకుకీ పన్ను లేదా?

దూరంగా ఉన్నవాడికి ఊరి సమస్యలేం తెలుసంటారు. ఊరి సమస్య వల్లనే కదా ఊరు వదిలాం! బోర్లు ఎండి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదుల నుంచి వచ్చాం. కరువుకి కడప, రాయచోటి నుంచి వచ్చాం. కోనసీమ నుంచి ఆడకూతుళ్ళు ఇళ్ళల్లో పనికి వచ్చారు.

మూడో వాదన నిజమైనది. క్యాంపులో ఓటు స్వేచ్ఛగా పడుతుందా? ఫోర్‌మనో, ఏజెంటో, సంఘం పెద్దో అందరి బ్యాలెట్లూ తానే నింపితే? ఈ భయం నాకూ ఉంది. అందుకే ప్రాక్సీ ఓటుని నేను ఒప్పుకోను. మన ఓటు ఇంకొకరి చేతిలో పెట్టడమంటే ఊళ్ళో పెత్తందారుకి కట్టలు కట్టి ఇవ్వడమే. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. ఈ-పోస్టల్ కూడా సగం మందే. ప్రింటరెక్కడుంది క్యాంపులో? చాటెక్కడుంది, ఒక గదిలో పదిమంది ఉంటే?

సరైన మందు ఒకటే. అబూధాబి రాయబార కార్యాలయంలో, దుబాయ్ కాన్సులేటులో మన అధికారుల ఎదుట, తెర చాటున, స్వయంగా ఓటు. ఇక్కడి ప్రభుత్వం అనుమతి కావాలి, నిజమే. ఫిలిప్పీన్స్ అడిగి తెచ్చుకుంది. ఇన్ని ఒప్పందాలు చేసుకుంటున్న మన ప్రభుత్వం ఇదొక్కటి అడగలేదా?

ఓటు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే గల్ఫు మృతుల కుటుంబాలని చూడండి. ఎన్నేళ్ళు పెట్టెల్లో శవాలు శంషాబాదులో దిగితే, ఎన్ని ధర్నాలు జరిగితే తెలంగాణలో ఆ కుటుంబాలకి 5 లక్షల పరిహారం ఉత్తర్వు 2024లో వచ్చింది! అది కూడా 2023 డిసెంబరు 7 తర్వాత పోయినవాళ్ళకే. ముందు పోయినవాళ్ళు ముందే పోయారు కాబట్టి లెక్కలో లేరు. ఓటున్నవాడి చావుకి తేదీలు అడగరు మిత్రులారా.

మనమేం తక్కువ తిన్నాం?

ఇప్పుడు మాటిచ్చిన ప్రకారం మన బద్ధకం సంగతి. ఉగాదికి వెయ్యి మందిని పోగేస్తాం. నాయకుడొస్తే దండలు, శాలువాలు, ఫొటోలు. వేదిక మీద ఆయన "మీరే మా బలం" అంటాడు, మనం చప్పట్లు కొడతాం. ఒక్కసారైనా "అయ్యా, 20ఏ మీద పార్లమెంటులో ఏం అడిగారు?" అని అడిగామా? మలయాళీలు మనలాగే టిక్కెట్లు కొనుక్కునే వెళ్తారు. అయినా 2019లో దేశమంతా కలిపి ఓటేసిన 25,606 మంది విదేశీ ఓటర్లలో 25,534 మంది వాళ్ళే. తక్కిన భారతదేశమంతా కలిపి 72 మంది! వాళ్ళ నాయకులు గల్ఫు ఓటరు పేరెత్తితే వణుకుతారు. మన నాయకులు నవ్వుతారు. ఆ తేడా మనం తెచ్చుకున్నదే.

కాబట్టి మన కోరికలు నాలుగే:

1. విదేశీ ఓటరు కూడా మిగతా ఓటర్లు చూపించే కాగితాల్లో ఏదైనా చూపించవచ్చని ఎన్నికల సంఘం ఉత్తర్వు మార్చాలి. లేదా మనకీ ఓటరు కార్డు ఇవ్వాలి.

2. 6ఏ ఫారంలో వీసా పేజీకి బదులు నివాస దేశపు గుర్తింపు కార్డు ఒప్పుకోవాలి.

3. ఊళ్ళో లేడన్న కారణంతో గల్ఫు కార్మికుడి పేరు కొట్టేసే ముందు అతనికి ఫోనులో, వాట్సాపులో నోటీసు ఇవ్వాలి. కొట్టేస్తే అక్కడికక్కడే 6ఏ కింద చేర్చాలి.

4. ఎంబసీలో, కాన్సులేటులో స్వయంగా ఓటు. ప్రయోగం చెయ్యాలనుకుంటే గల్ఫు నుంచే మొదలుపెట్టాలి.

ఇక్కడ ఊరేగింపులు, సభలు చెయ్యకూడదు, ఈ దేశపు చట్టాన్ని గౌరవిద్దాం. మన పోట్లాట మన ప్రభుత్వంతో, దానికి ఉత్తరం చాలు. ఈ శుక్రవారం ఒక గంట తీసి మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే 6ఏ నింపండి, పైసా ఖర్చు లేదు. తిరస్కరిస్తే ఆ కాగితం దాచండి, పారెయ్యకండి. అలాంటివి వెయ్యి పోగైతే అది సాక్ష్యం. మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. రాయడం రాని పక్క గది తమ్ముడికి మీరే రాసిపెట్టండి.

మా జగిత్యాల అన్న పోయినేడు పూర్తిగా ఇంటికెళ్ళిపోయాడు, మోకాళ్ళు అరిగిపోయి. వెళ్ళేముందు నాతో మళ్ళీ పేరు ఎక్కించే ఫారం నింపించుకున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి, అందులో ఇరవై నాలుగేళ్ళు ఇక్కడే. తన జీవితంలో ఓటు మూడుసార్లు వేశానని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు.

ఇరవై నాలుగేళ్ళు ఇంటికి డబ్బు పంపినవాడు. మూడుసార్లు!

ఆలోచించండి. ఆలోచించి ఊరుకోకండి.